కొనువాని మాట

ధ్యాన భాగములు: సామెతలు 20:14, లేవీయకాండము 25:14, 1 పేతురు 1:18, 19



క్రిస్మసు పండుగ సమీపించుచున్నది. శనక్కాయల పని ముగించుకొని మన పడుచువాండ్రు వెదురు చీల్చి, రంగు కాగితములు అతికి, నక్షత్రములు కట్టుచున్నారు. గుడిలో నిలుపుటకు సర్వి కొమ్మ ఎక్కడ దొరకునా అని వెదకుచున్నారు. ఈ అలంకారములను బట్టియే గత సంవత్సరము దేవుడు నాకు ఒక పాఠము నేర్పెను. అది నాకు సిగ్గు కలిగించు పాఠము. అయినను బోధకుడు తన సిగ్గును దాచుకొని ఇతరుల పాపమును గూర్చి ప్రసంగించుట తగదు గనుక దానిని మీ యెదుట పెట్టుచున్నాను.

మన వేంపల్లె బజారులో ఎర్రగడ్డలిచ్చి పాత సామాన్లు తీసికొను ఒక అవ్వ బండి యున్నది. నవంబరు నెలలో ఒకనాడు ఆ బండిమీద, విరిగిన కుర్చీకాళ్లకును తుప్పుపట్టిన డబ్బాలకును నడుమ, ఒక అట్టపెట్టె నా కంటబడెను. లోపల గళ్లు గళ్లుగా గాజు గుండ్లు. ఎరుపు, బంగారు, నీలి వన్నెలు. రెండు డజన్లలో మూడు మాత్రమే పగిలినవి. ఒకదానిని ఎత్తి దాని తలమీది రేకు చూచితిని. 'వెస్ట్ జర్మనీ' అని ఆంగ్లాక్షరములు అచ్చువేసి యున్నవి. నేను వేదాంత విద్యాలయములో చదువు దినములలో ఒక ఉపాధ్యాయుని యింట ఇట్టివి చూచితిని. జర్మనీ దేశము 1949లో రెండు రాజ్యములై 1990లో మరల ఒకటాయెను గనుక ఆ గుర్తు గల వస్తువు ఆ నడిమి కాలమునకు చెందినదని ఆయన చెప్పెను. వీటిని వెదకి వెదకి కొనువారు ఉన్నారనియు చెప్పెను.

కాబట్టి ప్రియులారా, నాకు తెలియును. అయినను నేనేమి చేసితిని? గుండును నిర్లక్ష్యముగా పెట్టెలో పడవేసి, "అవ్వా, ఇవి పాతవి, సగం పగిలిపోయినాయి, ఎవరు కొంటారు?" అంటిని. ఆమె నూటయేబది అడిగెను. నేను నూరు చేతిలో పెట్టి, పెట్టెను చంకన పెట్టుకొని, వేగముగా నడచి యింటికి వచ్చితిని. దారి పొడుగునా నా హృదయము గంతులు వేసెను.

ఆ గుండ్ల చరిత్ర కొంచెము చెప్పెదను. జర్మనీలోని తురింగియా కొండలలో లౌషా అను గ్రామము కలదు. అచ్చట 1597లో గాజు కొలిమి వెలసెను. పందొమ్మిదవ శతాబ్దపు నడుమనుండి ఆ ఊరివారు క్రిస్మసు చెట్టుకు గాజు గుండ్లు చేయసాగిరి. ఇంటి యజమాని గాజు గొట్టమును దీపపు మంటలో కాచి నోటితో ఊదును. లోపల వెండి ద్రావకము పోసి ఆడింపగా అది అద్దమువలె మెరయును. స్త్రీలు రంగు వేయుదురు; పిల్లలు సహాయము చేయుదురు. ఆడవారు వాటిని గంపలకెత్తుకొని సొన్నెబెర్గు పట్టణపు వర్తకులకు చేర్చెడివారు. అమెరికాలో వూల్‌వర్త్ అను వ్యాపారి 1880లో, ఇవి అమ్ముడుపోవునా అని సందేహించుచు కొద్దిపాటిగా కొనెను. అవి ఇట్టే అమ్ముడుపోయెను. తరువాత 1939లో అమెరికాలోని కార్నింగ్ కర్మాగారమువారు విద్యుద్దీపముల బుడ్లు చేయు యంత్రముతోనే వీటిని రాసులుగా పోయసాగిరి. యుద్ధకాలమున లోహము కరవైనందున రేకు తలకు బదులు అట్టముక్క పెట్టిరి. నేడు పాత వస్తువులు సేకరించువారు ఇట్టి గుర్తులు చూచియే కాలమును తెలిసికొందురు. పాతవాటిలో మెరిసెడు తీగెలు దొరికిన యెడల పిల్లల చేతికి ఇయ్యకుడి. వాటిలో సీసము కలియుట కద్దు.

ఇట్టి వస్తువులను సేకరించుట పాపమా? కాదు. ఒక పేద యింటివారు ఊపిరి పోసి చేసిన గుండు పగులకుండ ఇన్ని సంవత్సరములు నిలిచినప్పుడు దానిని చెత్తలోనుండి ఎత్తి తుడిచి దాచుట మంచిదే. వస్తువు విలువను కష్టపడి నేర్చుకొనినవాడు ఆ నేర్పువలన నాలుగు రూపాయలు సంపాదించుటయు తప్పు కాదు. నా పాపము ఆ పెట్టెలో లేదు, నా నోటిలో నున్నది.

డిసెంబరు మొదటి వారములో, బెంగుళూరులో ఉద్యోగము చేయు మన సంఘపు బిడ్డ ఒకడు సెలవుకు వచ్చి ఆ పెట్టెను చూచెను. అతనికి వీటియందు ఆసక్తి కలదు. అతడు మెల్లగా ఒక్కొక్కటి త్రిప్పి చూచి, "అయ్యగారూ, మీకు తెలుసో లేదో, ఇవి విలువైనవి. పెట్టెతో సహా ఉన్నాయి గనుక నాలుగువేలు ఇస్తాను. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తామంటే వాళ్లకే ఇయ్యండి" అనెను.

ఆ మాట నన్ను పొడిచెను. నేను అవ్వకు చేసినది అతడు నాకు చేయవచ్చును గదా! "పాతవి, అయ్యగారూ, నాకు ఇచ్చేయండి" అనిన నేను ఉచితముగానే ఇచ్చియుందును. ఇరువదియేండ్లు బోధించిన నేను బండియొద్ద ఓడిపోయితిని. నా యొద్ద బాప్తిస్మము పొందిన పిల్లవాడు నా యింటిలో నిలిచెను. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. మా యింటివారు మాత్రము ఒక్క మాటే అడిగిరి: "నాలుగువేల సంగతి అవ్వకు తెలుసునా?"

మూడవనాడు పెట్టెను తీసికొని బండియొద్దకు పోతిని. అవ్వ నన్ను చూచి, "ఏం సామీ, పగిలిపోయినాయా? దుడ్లు మాత్రం వాపసు ఇయ్యను" అనెను. నేను సంగతి అంతయు చెప్పితిని. ఆమె చాలసేపు నా ముఖములోనికి చూచి, "ఆ పొద్దు నీకు తెలియదా సామీ?" అని అడిగెను.

తెలియదని చెప్పుట ఎంత సులభము! "తెలుసు అవ్వా. ఇంత అని తెలియదు గాని, విలువైనవని తెలుసు" అంటిని. ఆమె ఏమియు అనలేదు. ఎర్రగడ్డల గంప సర్దుకొనుచు కొంతసేపటికి, "గాజు నేనేం చేసుకొందును? నువ్వే అమ్మిపెట్టు. నీ నూరు నువ్వు పట్టుకో" అనెను. అట్లే చేసితిని. ఆమె నన్ను క్షమించెనో లేదో నేను అడుగలేదు. ఆ ప్రశ్న అడుగు అధికారము నాకు లేదు.

ప్రియులారా, ఇందులో మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది: కొనువాని నాలుక. కొనువాడు బాగులేదు, బాగులేదని పలికి, ప్రక్కకు పోయిన తరువాత అతిశయపడునని సొలొమోను సామెతలు తెలుపుచున్నవి. ఈ మాట మన సీమవారికి వివరింప పనిలేదు. చీనీతోటకు వచ్చిన వ్యాపారి "కాయ చిన్నది, మచ్చ పడినది" అని తల త్రిప్పును. అదే కాయ పట్టణములో ఏ ధర పలికెనో విని మనము నిట్టూర్చుదుము. మనలను మోసగించిన మాటను మనము గుర్తెరుగుదుము. అయితే కూతురి పెండ్లికై పొరుగువాడు అర ఎకరము అమ్మజూపినప్పుడు మన నోట వచ్చునది ఏ మాట? విధవరాలు పాలిచ్చు బర్రెను సంతకు తోలినప్పుడు మనము దాని పండ్లు చూచి పెదవి విరుచుట లేదా? అమ్మువాడే గాని కొనువాడే గాని ఒకని నొకడు బాధింపరాదని లేవీయకాండము శాసించుచున్నది. దేవుని త్రాసులో రెండు తట్టలును ఉన్నవి.

రెండవది: దాచబడిన ధనము. కొందరు నాతో, "అయ్యగారూ, మత్తయి 13:44లో పొలములో ధనము దొరికినవాడు దానిని దాచి పొలము కొనెను గదా, అది తప్పా?" అందురు. నేనును ఆ రెండు రాత్రులు ఆ వచనము వెనుక దాగజూచితిని. అయితే ప్రభువు అచ్చట బేరము నేర్పుటలేదు. ఆ మనుష్యుడు సంతోషముతో తనకున్నదంతయు అమ్మెను. అదియే ఉపమాన సారము. మనమో, ఏదియు అమ్మకయే ధనము కావలెనందుము. నేను అమ్మినది ఒక్కటే, నా సత్యము. అదియు నూటయేబది రూపాయలలో ఏబది తగ్గింపుకొరకు.

మూడవది, అన్నిటికంటె గొప్పది: మనలను కొనినవాడు. క్రిస్మసు అనగా ఏమి? ఒకడు మనలను కొనుటకు వచ్చిన దినము. నేను మంచి వస్తువును చూచి చెడ్డదంటిని. ఆయన నిజముగా పగిలిన మనలను చూచి, మీరు నాకు ప్రియులనెను. నేను ధర తగ్గించితిని. ఆయన వెండి బంగారములతో గాక తన రక్తముతో ధర చెల్లించెను. ధనవంతుడైయుండి మన నిమిత్తము దరిద్రుడాయెను. ఆయనను దేవాలయమునకు తెచ్చినప్పుడు తలిదండ్రులు అర్పించినది పేదల అర్పణమైన గువ్వల జతయే. ఆ తల్లి మన బజారులోని అవ్వ బండియొద్ద నిలిచినను ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఈ సంవత్సరము మన గుడిలో ఎప్పటివలె కాగితపు తోరణములే కట్టుదము. పాత గాజు గుండ్లు ఎవరియింటనైన ఉన్నయెడల భద్రము చేసికొనుడి. అయితే పండుగకు ముందు ప్రతివాడును తన కొనుగోళ్లను ఒకసారి తలపోయవలెను. తక్కువ ధరకు తెచ్చి అతిశయపడినది ఏదైన జ్ఞాపకము వచ్చిన యెడల, జక్కయ్యను తలంచుకొని, ఆ వాకిట మరల నిలువుడి. వారు క్షమింపకపోయినను నిలువుడి. నేనును ఆ బండిని దాటునప్పుడెల్ల ఇప్పటికిని తల వంచుకొందును. అవ్వ మాత్రము "ఏం సామీ" అని పలుకరించును.

ప్రార్థన: మమ్మును వెలపెట్టి కొనిన ప్రభువా, మా నోటికి కావలి యుంచుము. మా సంతలోను మా గుడిలోను ఒకే మాట పలుకు కృప దయచేయుము. ఆమేన్.