కనుమ నాడు కదలొద్దు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దవాళ్లు. భోగికి తెల్లవారకముందే మంట వెయ్యాలి, సంక్రాంతికి పెద్దలకు పెట్టుకోవాలి. కనుమకు పశువులను కడిగి పూజించాక ఇక తొందరేముంది? మినుము తినాల్సిన రోజు కదా! అమ్మ తడి చేత్తో గారె తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి నూనెలోకి జారవిడుస్తుంటే అందరూ పొయ్యి దగ్గరే చేరతారు. వేడి గారె ఊదుకుంటూ తాతయ్య ఏనాటిదో పంట సంగతి ఎత్తుకుంటారు. పిల్లలు మధ్యలో ఆపి, మళ్లీ మొదటినుంచి చెప్పమంటారు. ఇలాంటి కబుర్లు ఫోన్‌లో కుదరవు. హైదరాబాద్ బస్సుకు ఈ రాత్రికే టికెట్ తీసుకున్నవాళ్లుంటే, వీలైతే రేపటికి మార్చుకోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు మీరు తోమండి, అమ్మను కూడా వచ్చి మీ మధ్య కూర్చోనివ్వండి.