మెట్ట అనే మాట

భూమి ఎక్కడికి పోతుంది బాబూ, అంటాడు మా చిన్నాన్న. నందిగాం చుట్టుపక్కల ఈ మాట అనని రైతు లేడు. డబ్బు కరిగిపోతుంది, మనిషి పోతాడు, భూమి మాత్రం ఉంటుందట. తిత్లీ తుపాను తరవాత ఈ మాట నాకు మింగుడు పడటం లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. గాలి తగ్గాక తోటకి బయల్దేరితే దారే లేదు, కొమ్మలెక్కి దిగుతూ వెళ్లాం. జీడిచెట్లన్నీ ఒకే వైపుకి ఒరిగి, వేళ్లు ఆకాశానికి పెట్టి పడున్నాయి. నలిగిన ఆకు వాసన ముక్కుల్లో నిండిపోయింది. చిన్నాన్న ఏడవలేదు. కాలితో ఆకులు పక్కకి తోసి, "ఇదిగో, సూడు" అన్నాడు.

సన్నటి గట్టు. దానికి అడ్డంగా ఇంకోటి. మా తాత చోళ్లు, అంటే రాగులు, వేసిన చేను గట్లట. "అయ్య పోయాక జీడిపిక్కలు పాతింది నేనే," అన్నాడు.

ఆ తోట అనాదిగా ఉందనే నేననుకున్నాను. మా వైపు ఉద్దానమంటే ఉద్యానమని చెప్పుకుని మురిసిపోతాం కదా, దేవుడే నాటినట్టు. జీడి మొక్క బ్రెజిల్ నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే. చోళ్లు పోయినప్పుడు ఎవరూ శోకాలు పెట్టలేదు, పలాసలో పిక్కకి రేటుంది మరి. మరి జీడి పోతే ఇంత ఏడుపెందుకు? భూమి ఉందిగా!

ఏముంది? భూమి కాగితంలో ఒక్క మాట ఉంది: మెట్ట. జమీందారీలు రద్దు చేస్తూ 1948లో చట్టం వచ్చింది, మెట్ట మెట్టగానే ఉంది. చోళ్లు పండినా, జీడి కాసినా, చెట్లు కూలినా మెట్టే. రేపు వంశధార ఎడమ కాలువ నీళ్లు శివారుకి నిండుగా వస్తే ఆ మాట కూడా మారిపోతుంది.

కాగితం ఎరగని ఆ గట్టు మాత్రం ఎవరూ కాపలా కాయకుండానే ఆకుల కింద ఇన్నేళ్లూ ఉంది. ఎక్కడికీ పోనిది అదేనేమో అని కొన్నాళ్లు సంబరపడ్డాను. తీరా హైవే పక్కన చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతడం చూశాను. పొక్లెయిన్‌కి అలాంటి గట్టు అరపూట పని. నా వాదన అక్కడే చతికిలబడింది.

తుపాను నష్టం రాసుకోవడానికి వచ్చినాయన చెట్లు లెక్కపెట్టాడు. ఒక చెట్టు సగం వేళ్లు నేలలో ఉంచుకుని వాలిపోయి ఉంది. "పడినట్టే రాసేస్తాను, డబ్బులొస్తాయి," అన్నాడాయన మంచికే.

"నేదు బాబూ, అది పడ్నేదు. బతికే ఉంది."

రాయనివ్వలేదు. ఆ రాత్రి ఇంట్లో అందరం చిన్నాన్నని తిట్టాం, నేనైతే కాస్త ఎక్కువే. మొన్న వేసవిలో ఆ చెట్టు కింద వంగి వంగి రెండు బుట్టల పిక్కలు ఏరాను. గట్టు కాలికి తగులుతూనే ఉంది.