సర్వంసహ కంపించినప్పుడు

ప్రాతఃకాలమున మేల్కాంచిన గృహస్థుడు నేలపై పాదము మోపుటకు పూర్వము, విష్ణుపత్నియగు భూదేవికి నమస్కరించి, పాదస్పర్శను క్షమింపుమని వేడుకొనుట సదాచారము. అమరకోశమున భూమికి అచల, స్థిర, సర్వంసహ, విశ్వంభర అను నామములు కలవు. అట్టి సర్వంసహయే ఒక్కొక్కప్పుడు కంపించి వేలకొలది ప్రాణములను హరించుచున్నది. అది ఆ తల్లి ఆగ్రహమా? ఆ ప్రాంతపు జనుల పాపమునకు దండనమా? ఈ ప్రశ్న ఆస్తికుల మనస్సులను చిరకాలముగా కలచుచున్నది.

1934 జనవరి 15వ తేదీన బీహారు, నేపాళ ప్రాంతములందు ఘోర భూకంపము సంభవించి పదివేలకు పైగా జనులు మరణించిరి. అది అస్పృశ్యతా పాపమునకు దైవము విధించిన శిక్ష యని మహాత్మా గాంధీ పలికెను. అస్పృశ్యతను తానును గర్హించుచునే, ప్రకృతి విపత్తును పాపపుణ్యములతో ముడిపెట్టుట తగదని రవీంద్రనాథ టాగోరు ప్రతివచన మిచ్చెను. ఇరువురును ఈశ్వరుని నమ్మినవారే.

ఈ విషయమున భూగర్భశాస్త్రము చెప్పునది వినదగినది. భూమి ఉపరితలము నుండి కేంద్రమునకు సుమారు 6,371 కిలోమీటర్లు. పైనున్న భూపటలము ఖండముల క్రింద సాధారణముగా 30 మొదలు 70 కిలోమీటర్ల మందము కలది. సముద్రముల క్రింద మిక్కిలి పలుచన. దాని దిగువ దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు శిలామయమైన ప్రావారము కలదు. అది ఘనమేయైనను యుగముల తరబడి మెల్లగా కదలును. దానికి లోపల కరిగిన లోహము, నడుమ ఘనమైన లోహగోళము ఉన్నవి. పురాణోక్తములగు అధోలోకములకు ఈ పొరలను జతకట్టుట శాస్త్రమునకును పురాణమునకును న్యాయము కాదు.

భూపటలమును, ప్రావారపు పైభాగమును కలిసి పెద్ద పలకలుగా ఏర్పడియున్నవి. భారతభూమిని మోయు పలక సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను తాకినది; నేటికిని ఏటికి ఇంచుమించు 5 సెంటీమీటర్లు ఉత్తరముగా సాగుచున్నది. ఆ ఒత్తిడి శిలలలో చిరకాలము కూడి, ఒక్కమారు సడలినప్పుడు నేల కంపించును.

ఆ తాకిడియే హిమవంతమును పైకెత్తినది. హిమవంతము లేనిచో గంగ లేదు. గంగ తెచ్చిన ఒండ్రుమట్టి లేదు. ఆ మట్టిపై పంట లేదు. 1934లో ఆ మెత్తని మట్టియందే పలుచోట్ల నేల బురదవలె మారి ఇండ్లు క్రుంగినవి. అన్నము పెట్టిన మట్టియు, ఇండ్లను మ్రింగిన మట్టియు నొక్కటే. దీనిని ఆగ్రహమనుట ఎట్లు?

కర్మఫలము తప్పదు గదా యని కొందరు అందురు. తప్పదు. కాని ఎవని కర్మ ఎట్లు పండునో ఎరిగినవాడు ఈశ్వరు డొక్కడే. తన్ను తాను దిద్దుకొనుటకై చెప్పబడిన సిద్ధాంతమును, శిథిలముల క్రింద నున్న పరుని నిందించుటకు వాడుట అపచారము. 1803లో గఢవాలు భూకంపమున బదరీనారాయణుని ఆలయమే తీవ్రముగా దెబ్బతిన్నది. అచ్చట ఎవరి పాపమును వెదకవలెను?

పాపమును వెదకదగిన చోటు వేరొకటి కలదు. 2001 జనవరి 26వ తేదీన కచ్ఛదేశమున భూమి కంపించినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహమ్మదాబాదులోను బహుళ అంతస్తుల భవనములు కూలినవి. నిర్మాణలోపము అందుకొక కారణమని పరీక్షించినవారు తేల్చిరి. కదలుట భూమి స్వభావము. ఆ స్వభావ మెరిగియు బలహీనముగా కట్టుట మానవుని దోషము.

భూదేవి నుండి నేర్వదగినది నిశ్చలత్వము కాదు, భరించుట. ప్రతి ఉదయము ఆమెను క్షమింపుమని వేడువాడు, విపత్తున పడినవారి పూర్వకర్మను లెక్కింపక, వారికి చేయూత నిచ్చి, నిలువ నీడ కల్పింపవలెను. ఆ నమస్కారమునకు అదియే సార్థక్యము.