లంక ఊరి నగారా

ఏటి నడుమ ఒక లంక. లంకలో ఒక ఊరు. ఆ ఊరి బతుకంతా పశువుల మీదే. చావిడి అరుగు మీద ఇద్దరు చేతులు చాచినా చుట్టుకు రానంత పెద్ద నగారా ఉండేది. ఊరికి కబురైనా కాపలా అయినా దాని మోతే. ఒక దెబ్బ పడితే పశువుల్ని రేవుకు తోలాలి. రెండు పడితే ఇంటికి మళ్లించాలి. ఆగకుండా మోగిందంటే ఎగువన వరద బయల్దేరిందన్నమాట. ఎక్కడివాళ్లు అక్కడినుంచే మెరక మీదికి పరుగెత్తాలి.

ఒక కరువు సంవత్సరంలో కొండల మీది నుంచి మేకల కాపర్లు కొందరు దిగివచ్చి లంకలో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల ముఖాలు వేరు, కట్టు వేరు, మాట వేరు. కొండ మీద వాళ్లకు నగారా లేదు, కొమ్ముబూర ఉండేది. పులి జాడ తెలిస్తే ఒక ఊత, మేకపిల్ల తప్పిపోతే ఇంకో ఊత.

ఊళ్లో పశువులు కాసేది పిల్లలే. కొండవాళ్ల పిల్లలు కూడా పచ్చికబీడుకు వస్తామంటే పెద్దలు ఒప్పుకోలేదు. "వాళ్లకు మన నగారా తెలీదు. తెలీనివాళ్లను మన పిల్లల్లో కలిపితే అందరికీ చేటు. ఏటి అవతల ఇసుకదిబ్బ మీద మేపుకోమనండి" అన్నారు. దిబ్బ మీద గడ్డి లేదు. మోత కూడా అక్కడికి సరిగా వినపడదు. పొరుగూళ్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చే పిల్లలకూ నగారా తెలీదు గానీ, వాళ్లు మాత్రం పచ్చికబీడులోనే తిరిగేవాళ్లు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

కొండవాళ్లలో ఒక తల్లి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి చావిడి చుట్టూ తిరిగింది. చివరికి ఊరిపెద్ద మారాక కొత్తాయన తీర్పు చెప్పాడు. "పచ్చిక ఊరిది. ఈ పిల్లలూ ఊరి పిల్లలే. అంతా ఒకచోటే మేపుకోండి." ఆ రాత్రి కొండవాళ్ల గుడిసెల్లో పండగ చేసుకున్నారు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు.

కొండపిల్లల్లో ఎనిమిదేళ్ల బుడతడొకడు ఉన్నాడు, ఆ తల్లి కొడుకే. నగారా మోగగానే వాడు చెవి రిక్కించేవాడు కాదు, పక్క పిల్లల కాళ్ల వంక చూసేవాడు. కాళ్లు ఏటి వైపు తిరిగితే తనూ ఏటికి తోలేవాడు. ఊరి వైపు తిరిగితే తనూ మళ్లించేవాడు. ఎప్పుడూ పది అడుగులు వెనకే. "వీడు మందబుద్ధి" అని పిల్లలు నవ్వేవాళ్లు. పెద్దలూ అదే అనుకున్నారు. కొన్నాళ్లకు వాడూ అదే అనుకున్నాడు.

ఒక తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్మింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడడం లేదు. నగారా ఆగకుండా మోగింది. ఊరి పిల్లలు మెరకకు పరుగెత్తారు. వీడు నిలబడ్డచోటే ఉండిపోయాడు. మోత వినపడుతూనే ఉంది, కాళ్లు మాత్రం కనపడలేదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాక తుమ్మచెట్టు ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడు. వాడు కాసే దూడలు నాలుగూ ఏట్లో కొట్టుకుపోయాయి.

మర్నాడు చావిడి దగ్గర సభ. "మా తప్పేముంది?" అన్నారు పెద్దలు. "అదే నగారా, అవే దెబ్బలు. మీవాళ్లకని మెల్లగా కొట్టామా? అందరికీ సమానంగానే వినిపించాం."

ఆ తల్లి పెద్దలతో వాదానికి దిగలేదు. నగారా కొట్టే ముసలాయన వైపు తిరిగి అడిగింది. "తాతా, నీ మనవడికి ఈ దెబ్బలు ఎప్పుడు తెలిశాయి?"

"నడక రాకముందే తెలుసమ్మా. ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని కొట్టించేవాణ్ని."

"నా బిడ్డను ఎవరు కూర్చోబెట్టుకున్నారు?"

ఊరిపెద్ద చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా తీర్పు చెప్పాడు. "నగారా నేర్పుతారో, నేర్చేదాకా పక్కన కొమ్ముబూర ఊదిస్తారో, రెండూ చేస్తారో మీ ఇష్టం. అందరికీ ఒకే మోత వినిపించాం అన్న సాకు మాత్రం ఇక చెల్లదు."

అప్పటినుంచి చావిడి అరుగు మీద తాత పక్కన కొండ ఆడపడుచు ఒకామె కూర్చునేది. ముందు బూర, వెనకే నగారా. మరుసటి వానాకాలానికి ఆ బుడతడు పక్కవాళ్ల కాళ్లు చూడడం మానేశాడు. బూర ఊత పట్టుకున్న ఊరి పిల్లలు కూడా కొందరు తయారయ్యారు.

నీతి: భాష రాదని బిడ్డను వెలివేయడం ఎంత అన్యాయమో, భాష నేర్పకుండా లోపల కూర్చోబెట్టి "సమానంగా చూశాం" అనడమూ అంతే అన్యాయం.

ఇది ఊహించి అల్లిన కథే అయినా దీని వెనక నిజంగా జరిగిన చరిత్ర ఉంది. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో, కథకు పట్టిన కాలం దాదాపు తొంభై ఏళ్లు.

1884లో మేమీ టేప్ అనే ఎనిమిదేళ్ల చైనా సంతతి పిల్లను అక్కడి స్ప్రింగ్ వ్యాలీ బడిలో చేర్చుకోలేదు. పిల్ల పుట్టింది అమెరికాలోనే. తల్లిదండ్రులు కోర్టుకెక్కి 1885లో గెలిచారు. వెంటనే కాలిఫోర్నియా శాసనసభ చైనా పిల్లలకు వేరే బడులు పెట్టుకోవచ్చని చట్టం చేసింది. తల్లి మేరీ టేప్ విద్యా మండలికి మండిపడుతూ ఉత్తరం రాసినా లాభం లేకపోయింది. గెలిచిన పిల్ల చివరికి వేరుబడికే వెళ్లింది.

అదే రాష్ట్రంలో ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లలకు భాషనే సాకుగా చూపించి వేరుబడులు నడిపారు. ఆ సాకు ఎంత పచ్చి అబద్ధమో ఒక్క సంఘటనతో తేలిపోయింది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో మెండెజ్ కుటుంబం పిల్లల్ని మేనత్త తన పిల్లలతో కలిపి బడికి తీసుకెళ్లింది. ఆమె పిల్లలది కాస్త తెల్లటి ఒళ్లు, ఇంటిపేరు ఫ్రెంచి పేరులా వినిపిస్తుంది. వాళ్లను చేర్చుకుంటామన్నారు, మెండెజ్ పిల్లలకు కుదరదన్నారు. భాషే కారణమైతే ఒకే కుటుంబపు పిల్లల్ని రంగు చూసి, ఇంటిపేరు చూసి విడదీస్తారా? ఆ తల్లిదండ్రులు మరికొన్ని కుటుంబాలతో కలిసి వేసిన దావాలో 1946లో కింది కోర్టు, 1947లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చాయి. అదే ఏడు గవర్నర్ ఎర్ల్ వారెన్ వేరుబడుల చట్టాన్ని రద్దు చేస్తూ సంతకం పెట్టాడు. నల్లజాతి పిల్లల వేరుబడులు చెల్లవని 1954లో బ్రౌన్ కేసు తీర్పు రాసిన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తీ ఆయనే.

అలా తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఏం జరిగిందో లౌ వర్సెస్ నికొల్స్ కేసు చెబుతుంది. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా కుటుంబాలు దావా వేశాయి. ఇంగ్లీషు రాని చైనా పిల్లలు నగరంలో 2,856 మంది ఉంటే, సుమారు వెయ్యి మందికే అదనంగా ఇంగ్లీషు నేర్పారు. మిగిలిన దాదాపు 1,800 మంది పిల్లలు రోజంతా ఒక్క ముక్క అర్థం కాకుండా తరగతిలో కూర్చునేవాళ్లు. బడికి రాకపోతే చట్టం ఒప్పుకోదు. ఇంగ్లీషు రాకపోతే హైస్కూల్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఇంగ్లీషు నేర్పమంటే ఆ బాధ్యత మాది కాదంటారు. ఒక పసివాణ్ని ఇంతకన్నా నిర్దయగా ఇరికించడం ఎవరివల్ల అవుతుంది? అందరికీ ఇచ్చిందే వీళ్లకూ ఇచ్చారు కదా అని రెండు కోర్టులు దావా కొట్టేశాయి. 1974 జనవరి 21న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకమై ఆ తీర్పును తిరగరాశారు. ఒకే పుస్తకాలు, ఒకే టీచర్లు, ఒకే పాఠాలు ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదని జస్టిస్ విలియం డగ్లస్ రాశాడు. బడి నేర్పవలసిన విద్యను ముందే నేర్చుకుని రమ్మనడం ప్రభుత్వ విద్యను అపహాస్యం చేయడమేనన్నాడు. 1964 పౌరహక్కుల చట్టమే ఆ తీర్పుకు ఆధారం. ఆ చట్టం నల్లజాతి ప్రజల పోరాట ఫలం. వాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి, ప్రాణాలిచ్చి సాధించిన చట్టం చైనా పిల్లలకు నీడనిచ్చింది. ఇంగ్లీషు రాకుండా అమెరికా బడిలో అడుగుపెట్టే మన తెలుగు పిల్లలకూ ఆ నీడ దక్కింది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ఈ రుణాన్ని గుర్తుంచుకోవాలి.

ఎలా నేర్పాలో మాత్రం కోర్టు చెప్పలేదు. ఆ వెసులుబాటు మీద తర్వాత చాలా కొట్లాట జరిగింది. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు రెండు భాషల బోధనను దాదాపు ఎత్తేశారు. 2016లో మళ్లీ వాళ్లే ఆ నిషేధాన్ని తొలగించారు. మధ్యలో ఒక తరం చదువు ముగిసిపోయింది.

ఇంత చెప్పాక మన ఊళ్ల వైపు చూడకపోతే న్యాయం కాదు. కోయ, గోండు, సవర పల్లెల్లో తెలుగు మీడియం బడికి వచ్చే పిల్లకు టీచరు మాట అర్థం కాదు. అక్కడ అర్థంకాని భాష మనదే. మన రాజ్యాంగంలో 350ఏ అధికరణ 1956 నుంచి ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు పూనుకోవాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. అంతకుముందే, 1940లలో నిజాం పాలనలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు యువకులకు టీచర్లుగా శిక్షణ ఇప్పించాడు, గోండీలో వాచకాలు తయారు చేయించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు కూడా వచ్చాయి. కాబట్టి దారి తెలియదని మనం అనలేం. కోయ పల్లెలో ఒకటో తరగతికి టీచర్ని వేసేటప్పుడు అధికారులు ముందుగా ఆమెకు కోయ వచ్చా అని అడగాలి. రాకపోతే ఆ పల్లెలోనే ఇంటర్ దాకా చదివిన కోయ అమ్మాయిని తరగతిలో ఆమె పక్కన నిలబెట్టాలి, నెలనెలా జీతం ఇవ్వాలి.