రెండు కొత్తగూడలు, ఒక ప్రశ్న

తెలంగాణలో కొత్తగూడ పేరుతో రెండు చోట్లు మాకు తెలుసు. ఒకటి మహబూబాబాద్ జిల్లాలో, నర్సంపేట నుంచి పాకాల అడవి దాటి వెళితే వచ్చే మండల కేంద్రం. చుట్టూ కోయ గూడేలు. రెండోది హైదరాబాద్‌లో, హైటెక్ సిటీకీ కొండాపూర్‌కీ మధ్య, పగలూ రాత్రీ బండ్లు ఆగని కూడలి. రెంటికీ మధ్య దూరం రెండు వందల కిలోమీటర్ల పైనే. మొదటి కొత్తగూడ వంటి ఏజెన్సీ ఊళ్లలో మేము పిల్లలకు చదువు చెబుతున్నాం. రెండో కొత్తగూడకు కొద్ది దూరంలో, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. 1974లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చిన సంస్థ అది. చరిత్ర, రాజనీతి, సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం అన్నీ ఒకే ఆవరణలో ఉన్న అటువంటి విశ్వవిద్యాలయాల్లో ఏడాది పొడుగునా బహిరంగ ఉపన్యాసాలు, సదస్సులు జరుగుతుంటాయి. వాటిలో కొన్ని మన గురించి. మన పోడు, మన పండుగ, మన భాష, మన పేదరికం అక్కడ మాట్లాడే విషయాలు.

ఒక జాతి గురించి నలుగురిలో నిలబడి మాట్లాడే మనిషి ఆ జాతికి ఏం బాకీ పడతాడు? తన గురించిన మాట వినే జాతి ఆ మనిషికి ఏం బాకీ పడుతుంది? ఈ రెండు ప్రశ్నల గురించి మేము ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక చిన్న సంగతి. నగరంలోని కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. పొద్దున్నే జనం నడకకు వెళ్లే ఆ తోట ఉన్నది కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో. రిజర్వు ఫారెస్టు అన్న మాట నగరంలో పచ్చదనానికి, మంచి గాలికి గుర్తు. మన ఊళ్లలో అదే మాట కందకానికి, కేసుకు, లాక్కున్న గొడ్డలికి గుర్తు. మాట ఒకటే, చట్టం ఒకటే. వినే చెవి మారితే అర్థం మారిపోతుంది. అందుకే అడవి గురించి నగరంలో మాట్లాడేవారికి మన చెవి సంగతి తెలిసి ఉండాలి.

సదస్సుల్లో ఈ మధ్య తరచుగా వినిపించేది, వేర్వేరు శాస్త్రాలవాళ్లు ఒకే వేదిక మీద కూర్చుని ఒకే విషయం మాట్లాడాలన్న సంగతి. ఇది మంచిదే. పోడునే తీసుకోండి. అటవీ అధికారికి పోడు కొట్టేసిన చెట్టు. ఆర్థిక శాస్త్రవేత్తకు ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు. వకీలుకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నావా అన్న ప్రశ్న. మానవ శాస్త్రవేత్తకు విత్తనాల పండుగ. ఈ నలుగురూ ఎవరి గదిలో వారు కూర్చున్నంతకాలం పోడు చేసే మనిషి నాలుగు ముక్కలుగానే కనబడతాడు. నలుగురూ ఒక బల్ల చుట్టూ చేరితే ముక్కలు కొంతవరకు అతుకుతాయి. కానీ పోడు చేసే మనిషి దగ్గర అవి ముక్కలు కాలేదు. విత్తనం చల్లే చెయ్యి, దేవతకు మొక్కే చెయ్యి, పట్టా కోసం అర్జీ మీద వేలిముద్ర వేసే చెయ్యి ఒకటే. ఆ మనిషి కూడా బల్ల దగ్గర ఉంటేనే అతుకు సరిగ్గా పడిందో లేదో తెలుస్తుంది.

జ్ఞానాన్ని పంచుకుని దాచుకోవడం మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ గోండు ఊళ్లను చూడండి. గోండు గోత్రాల కథ గోండు దగ్గర ఉండదు, ప్రధాన్ దగ్గర ఉంటుంది. కీక్రి వాయిస్తూ ఆ కథ చెప్పేది ప్రధానే. ఆ నేల దేవతలను శాంతపరచడం కొలాం పూజారికి తెలుసు కాబట్టి గోండులు కొలాములను పిలుచుకుంటారు. తోటీలకు తమ కథలు, తమ వాద్యాలు ఉన్నాయి. అలాగే కోయల గోత్రాల కథలు డోలీ వారి దగ్గర ఉన్నాయి, పడిగె మీది బొమ్మలు చూపుతూ వాళ్లు చెబుతారు. ఎవరి దగ్గరా మొత్తం లేదు. నగరంవాళ్లు వేర్వేరు శాస్త్రాల కలయిక అంటున్నదానికి మన దగ్గర పేరు లేకపోయినా పని ఉంది.

అయితే ఒక తేడా ఉంది. ప్రధాన్ గోత్రం కథ చెప్పేటప్పుడు ఆ గోత్రంవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. కథ వాళ్లది. చెప్పేవాడికి గౌరవం ఉంది, ఇచ్చే ధాన్యం ఉంది, తప్పు చెబితే అందుకునే ముసలివాళ్లూ ఉన్నారు. కథ చెప్పేవాడు కథలోని మనుషులకు జవాబుదారీ. మా ఆలోచనకు మూలం ఇదే. విశ్వవిద్యాలయం గేటు తెరిచి ఉంచి, ఎవరైనా రావచ్చు అని నోటీసు అంటించినంత మాత్రాన ఉపన్యాసం బహిరంగం అయిపోదు. ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లు విని, తిరిగి ఒక మాట అనగలిగినప్పుడే అది బహిరంగ ఉపన్యాసం.

తిరిగి మాట అనడం సభల్లో అంత సులువు కాదు. ఏ ఊరి సభ అయినా తీరు ఒకటే. నలభై అయిదు నిమిషాలు ఉపన్యాసం, పదిహేను నిమిషాలు ప్రశ్నలు, తర్వాత టీ. ప్రశ్నల వేళ అధ్యక్షులవారు ఒక మాట తప్పకుండా అంటారు: ప్రశ్న మాత్రమే అడగండి, వ్యాఖ్యానం వద్దు. సమయం కాపాడుకోవడానికి అంటారు, మాకు తెలుసు. కానీ మన పెద్దలు ప్రశ్న అలా అడగరు. మా తాత కాలంలో ఇక్కడ చెరువు ఉండేది అని మొదలుపెట్టి, చెరువు ఎలా ఎండిందో, ఎవరు కట్ట తెంపారో చెప్పి, చివరికి ఒక్క మాట అడిగి కూర్చుంటారు. ఆ కథ అంతా కలిపితేనే ప్రశ్న. కథ తీసేస్తే మిగిలేది సందేహం మాత్రమే. పైగా అడగాల్సింది ఇంగ్లీషులో అయితే, నోట్లో తిరుగుతున్న మాట నోట్లోనే ఉండిపోతుంది.

అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో చాలా సభల కన్నా ముందుంది. ఆ చట్టం కింద చేసిన నియమాల్లో, హక్కు కోరే మనిషి కాక ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. హక్కుల దరఖాస్తు ముందు పరిశీలించేది గ్రామసభ. ముసలాయన మాట ప్రభుత్వ ఫైలులో సాక్ష్యంగా నిలబడగలిగినప్పుడు, పరిశోధన పత్రంలో పేరు లేని సమాచారదాతగా ఎందుకు మిగిలిపోవాలి? రాసిన పండితుడి పేరు అట్ట మీద ఉంటుంది. చెప్పిన పెద్దమనిషి ఒక వయసు, ఒక ఊరు, ఒక తెగగా మిగులుతాడు. పేరు దాచమని ఆయన కోరితే దాచాలి. కోరకుండానే దాస్తే అది మర్యాద కాదు, మరుపు.

ఇలా అంటే చదువుకున్నవాళ్ల మీద మాకు కోపమని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. మన మధ్యకు వచ్చిన పండితుల వల్ల కలిగిన మేలు మాకు తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల బాధలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మానవ శాస్త్రవేత్త. మార్లవాయిలో ఉండి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. గోండులకు భూమి పట్టాలు దక్కడంలో ఆయన నివేదికల పాత్ర ఉంది. దశాబ్దాల తర్వాత తిరిగి వచ్చి, ఆ భూములు మళ్లీ ఎలా చేజారాయో చూసి 1982లో పుస్తకం రాశాడు. 1987లో ఆయన భార్య బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి, ఆయన్ను పంపింది పాలకుల అవసరం. అది మరిచిపోనక్కరలేదు. అయినా ఆయన మాట భూమిగా, బడిగా మారింది. మాట్లాడిన మనుషుల దగ్గరికి మళ్లీ వచ్చి, తన మాట ఏమైందో చూసుకున్నాడు. ఉపాధ్యాయులుగా మేము అక్షరం దిద్దించే ప్రతిచోటా మార్లవాయి బడి జాడ ఉందని అనుకుంటాం.

రెండో ఉదాహరణ మన కాలంలోది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ రాతప్రతులు 2006లో బయటి ప్రపంచానికి తెలిశాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఆ పనిలో భాగమయ్యారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది, అంటే కంప్యూటర్‌లో ఆ అక్షరాలకు చోటు దొరికింది. భాషా శాస్త్రం, చరిత్ర, కంప్యూటర్ అన్నీ ఇక్కడ కలిశాయి. అన్నిటికన్నా ముందు, ఆ లిపి చదవగలిగిన కొద్దిమంది గోండు పెద్దలు ఉన్నారు. వాళ్లు నేర్పకపోతే పండితుల ముందు ఉన్నవి వంకర గీతలే. ఈ పనిలో పెద్దలు గురువులు, ఆచార్యులు శిష్యులు. శాస్త్రాల కలయిక ఎక్కడ నిజంగా ఫలించిందో చూస్తే, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది అక్కడ తారుమారై ఉంటుందని మాకు అనిపిస్తుంది.

మూడో ఉదాహరణ నగరానిదే. 2025 మార్చి చివర విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైతే విద్యార్థులు, అధ్యాపకులు అడ్డుపడ్డారు. పక్షుల లెక్క తెలిసినవారు, రాళ్ల వయసు తెలిసినవారు, భూమి కాగితాలు చదవగలవారు, చట్టం తెలిసినవారు కలిసి మాట్లాడారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. మాకు సంతోషం కలిగింది. చెట్టు కూలితే కలిగే నొప్పి నగరానికి తెలిసిందనుకున్నాం. దాంతోపాటు ఒక మాట అడగాలనీ అనిపించింది. ఆ 400 ఎకరాలకు దొరికిన ఇన్ని శాస్త్రాల సాయం, ఇన్ని గొంతులు, గనికో ప్రాజెక్టుకో పోయే మన గూడేనికి ఎందుకు దొరకవు? అక్కడ మాట్లాడినవాళ్లు తమ సొంత ఇంటి గురించి మాట్లాడారు, అందుకే ఆ మాటకు బలం వచ్చింది. మన ఇంటి గురించి మనం మాట్లాడినప్పుడూ ఆ బలం ఉండాలంటే మన పక్కన కూర్చునే శాస్త్రాలు కావాలి.

ఇప్పుడు మన వైపు బాకీ. పండితుడు మన ముందు జవాబు చెప్పాలని అడిగామంటే, మనకు నచ్చిందే చెప్పాలని అడిగినట్టు కాదు. నిజం చేతులెత్తి ఓటు వేసి తేల్చేది కాదు. మంత్రాల నెపంతో మనిషిని కొట్టిన ఊరి గురించి, చిన్న వయసులో ఆడపిల్లకు పెళ్లి చేసిన ఇంటి గురించి, పంచాయితీలో ఆడవాళ్లు దూరంగా నిలబడటం గురించి బయటివాళ్లు చెప్పినప్పుడు మా సంస్కృతి మీకు తెలియదు అని లేచిపోవడం తేలిక. ఆ మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు ముసుగు. సభలో మనకు తిరిగి మాట్లాడే హక్కు ఉండాలంటే, మన గూడెంలో మన ఆడవాళ్లకు, కుర్రవాళ్లకు, సంఖ్యలో చిన్న తెగలకు ఆ హక్కు ముందు మనం ఇవ్వాలి.

ఇంకో చిక్కు మాలాంటి చదువుకున్నవాళ్లది. వేదిక మీద ఒక ఆదివాసీ టీచరు ఉంటే చాలు, ఆదివాసీలు వచ్చినట్టే అనుకుంటారు. తెలంగాణలో షెడ్యూల్డు తెగలు 32. కోయ మనిషి చెంచుల తేనె గురించి, గోండు మనిషి కొండరెడ్ల వెదురు గురించి తన ఇంటి సంగతిలా చెప్పడం కుదరదు. మీవాళ్లు ఏమంటారు అని అడిగితే, మావాళ్లను అడగండి, మేము దారి చూపిస్తాం అనడమే సరైన జవాబు. శాలువా కప్పించుకుని ఊరందరి గొంతు మాదే అనుకుంటే, పండితుడు చేసిన పనే మనమూ చేసినట్టు.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి చట్టం 2023లో అయింది, హైదరాబాద్ విశ్వవిద్యాలయం దానికి దారి చూపే బాధ్యత తీసుకుంది. అక్కడ సభలు ఎలా జరగాలో ఇప్పుడే అలవాటు పడుతుంది, కాబట్టి ఇప్పుడే అడుగుదాం. మన గురించిన ప్రతి ఉపన్యాసం రెండుసార్లు జరగాలి, ఒకసారి సభా మందిరంలో, ఒకసారి ఎవరి గురించో ఆ ఊరి రచ్చబండ దగ్గర, వాళ్లకు తెలిసిన భాషలో. ప్రశ్న వేళ కథకు చోటివ్వాలి. చెప్పిన పెద్దల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, పుస్తకంలో రావాలి. తీసిన ఫొటో, రికార్డు చేసిన పాట ఒక ప్రతి ఊరి బడికి చేరాలి. ఆ ప్రతిని భద్రంగా ఉంచే బీరువా సంగతి, పిల్లలకు వినిపించే గంట సంగతి మేము చూసుకుంటాం.