అలసట శివునికి కానుక కాదు



మన శృంగవరపుకోట ప్రాంతమువారికి కొండనడక క్రొత్త కాదు. శివరాత్రికి పుణ్యగిరి మెట్లెక్కి ఉమాకోటిలింగేశ్వరుని దర్శింతుము. ఆషాఢమున సింహాచలము చుట్టును 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము చేయువారును మనలో పెక్కురు కలరు. కాని శ్రీశైలమునకు నల్లమల గుండ నడచుట వేరొక పాఠము.

నేటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు దాటి, వెంకటాపురము చేరి, నాగలూటి వీరభద్రునికి మ్రొక్కి, పెచ్చెరువు మీదుగా భీమునికొలను లోయలోనికి దిగి, కైలాసద్వారమునకెక్కి భక్తులు క్షేత్రము చేరుదురు. 40 కిలోమీటర్లకు పైబడిన ఈ దారి పులులు సంచరించు అడవిలోనిది. శివరాత్రికి మనవారును, ఉగాదికి కన్నడ సోదరులును వేలుగా నడతురు. కన్నడిగులు భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావింతురు. 12వ శతాబ్దమున అక్కమహాదేవి కల్యాణము వీడి ఈ పర్వతమునకే వచ్చి కదళీవనమున ఐక్యమందెను. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున ఒక ప్రకరణమునకు పర్వతమనియే పేరిడెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి యాత్రికుల శ్రమ యెరిగి ఈ కొండకు సోపానములు కట్టించెను.

ఇప్పుడొక ప్రశ్న. బస్సు గుడి చెంతవరకు పోవుచుండగా నడచుట యెందులకు? యువకులు నన్నీ మాట అడుగుచుందురు. ఇంతకంటె కఠినమైన ప్రశ్న మన మతములోనే యున్నది. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా చూపెను. శరణులు కాయకమునందే కైలాసమును కనిరి. అట్టిచో దేహమును బాధించుకొని, చేయు పనిని విడిచి, కొండలెక్కుట బసవమార్గమగునా?

దేహబాధయే భక్తి యనుకొన్నచో కాదు. శివుడు మన బొబ్బలను లెక్కించి పుణ్యము కొలిచియిచ్చు వర్తకుడు కాడు. వరిమడిలో రోజంతయు నడుము వంచి నాట్లు వేసిన తల్లి అలసట, యాత్రికుని అలసటకంటె తక్కువది కాదు. వృద్ధులు, రోగులు బస్సులో పోయినంత మాత్రమున వారి భక్తికి లోపము లేదు. మరి నడక వలన కలుగు ఫలమేమి?

దారిలోనే దాని జవాబున్నది. ప్రొద్దుట బయలుదేరునపుడు అందరి నోటను హరహర మహాదేవ ఘోషయే. ఎండ ముదిరి, రాళ్లు కాగి, చెట్లు ఆకురాల్చి నీడ కరవైనపుడు ఘోష తగ్గును. మధ్యాహ్నమునకు ఊపిరి సవ్వడి మాత్రమే మిగులును. భీమునికొలనుకు దిగునపుడు మోకాళ్లు వణకును. ఆవలి మెట్లెక్కునపుడు గుండె అదరును. అప్పుడు షావుకారైనను, కూలివాడైనను, నావంటి బడిపంతులైనను చేయి చాచి అడుగునది గ్రుక్కెడు నీరే. పుట్టుకచేత, పదవిచేత మనము కట్టుకొన్న గోడలను ఆ దప్పిక ఒక్క పూటలో కూల్చును.

నేనొక ఏడు ఆ మెట్లపై కూలబడితిని. వెనుక నుండి ఒక కన్నడ వృద్ధమాత వచ్చినది. ఆమెయు అలసినదే. కొంగు ముడి విప్పి, ఉన్న బెల్లపు ముక్కను విరిచి, పెద్దపాలు నా చేతిలో పెట్టినది. ఆమె భాష నాకు రాదు. నా భాష ఆమెకు రాదు. ‘శరణు’ అను ఒక్క మాట ఇద్దరికిని తెలియును. దాసోహమను పదమునకు పిల్లలకు ఎన్నియో మారులు అర్థము చెప్పినవాడను. ఆ పదమునకు రుచి యున్నదని ఆనాడు తెలిసినది.

ఈ దారిపొడవున అన్నము వండి వడ్డించువారు, నీటికుండలు మోసి నిలుచువారు, ముక్కు మొగము తెలియని యాత్రికుల పాదములకు నూనె రాచువారు కలరు. వారిలో కొందరు ఆ దినమున కొండ యెక్కనే యెక్కరు. అయినను వారి యాత్ర కొరతపడదు. మల్లికార్జునుడు శిఖరముపై స్థావరలింగమై వెలసియుండ, దప్పిగొన్న జంగముడై దారిలో వారి యెదుట నిలుచుచున్నాడు. బసవన్న నేర్పిన జంగమపూజ ఇదియే కదా!

కావున సోదరులారా! నడువగలిగినవారు నడువుడు. అడవిలో ప్లాస్టిక్ సంచులు, సీసాలు పారవేయకుడు. చెంచులకది యిల్లు, మృగములకది ఆశ్రయము. ముందు నడచువాడు వెనుకబడినవాని కొరకు ఒక్క క్షణము నిలువవలెను. ఒంటరిగా ముందు చేరినవానికి గుడి దొరకును; తోడుగా నిలిచినవానికి దారియంతయు గుడియే యగును.

ఇల్లు చేరిన పిదప కాళ్లనొప్పి నాలుగు దినములలో పోవును. దానితోపాటు ఆ కరుణ కూడ పోకుండ చూచుకొనుడు. మీ పొలమున, మీ అంగడిలో, మీ బడిలో అలసినవాడొకడు ఎదురైనపుడు, భీమునికొలను మెట్లపై నిన్ను చూచినట్లే వానిని చూడుము. యాత్ర ఫలించినదో లేదో అచ్చటనే తేలును.

శరణు శరణార్థి.