ఆదివారపు పాఠము ముందుగా ఎవరికి?

ధ్యాన భాగములు: నెహెమ్యా 8:1-12; లూకా 18:9-14



ప్రతి ఆదివారము గుడిలో మనము కొన్ని వేదపాఠములు చదువుదుము. పాత నిబంధనలోనుండి ఒకటి, ఒక కీర్తన, పత్రికలలోనుండి ఒకటి, సువార్తలోనుండి ఒకటి. అవి కాపరి తన యిష్టము చొప్పున ఏరుకొన్నవి కావు. ముందుగానే ఏర్పరచబడిన పట్టికలోనివి. ప్రసంగము ఆ పాఠములనుండి పుట్టవలెను. పాటలును ప్రార్థనలును వాటికి తగినట్లుండవలెను. ఈ సంగతి నేను సెమినరీలో నేర్చుకొంటిని. అయితే దానిని నిజముగా నాకు నేర్పినది మా సంఘములోని ఒక వృద్ధురాలు. ఆమెకు అక్షరము రాదు. ఆ కథలో నా తప్పిదమున్నది. దానిని దాచక వ్రాయుచున్నాను.

ఒక ఆదివారము జరిగినది

అది 2022వ సంవత్సరము అక్టోబరు 23వ తేది. ఆ యేడు మా గుడి కప్పు కారుచుండెను. బాగుచేయించుటకు సంఘస్థులు తమకు కలిగినదానిలో ఇచ్చెదమని మాట ఇచ్చియుండిరి. మాలో ఒక కౌలు రైతు, దాళ్వా పంట ఇల్లు చేరగానే రెండు బస్తాల ధాన్యము తెచ్చెదనని నిండు సంఘములో చెప్పెను. పంట చేతికి వచ్చెను. వేసవి పోయెను, వానలును వెనుకపట్టెను. బస్తాలు మాత్రము రాలేదు. పెద్దలు సణుగుకొనిరి. నాకును కోపము వచ్చెను. నేను ఆయన యింటికి వెళ్లి సంగతి యేమని అడిగియుండవచ్చును, అడుగలేదు. ప్రసంగ పీఠము మీదనుండియే అడిగెదనని మనస్సులో నిశ్చయించుకొంటిని.

ఆ వారమునకు ఏర్పరచబడిన సువార్త పాఠము దేవాలయమునకు ప్రార్థింప వెళ్లిన పరిసయ్యునిగూర్చియు సుంకరినిగూర్చియు ప్రభువు చెప్పిన ఉపమానము. పట్టికలో ఉన్నది గనుక చదివితిని. చదివి, ఆ పుట త్రిప్పివేసి, మలాకీ 3:10 తీసి, దశమభాగములనుగూర్చి ముప్పావుగంట మాటలాడితిని. మాటలాడుచున్నంతసేపు నా చూపు గుమ్మము వైపే ఉండెను. ఆ రైతు ఎప్పటివలెనే గుమ్మము యొద్ద నిలువబడియుండెను. ఆశీర్వాదము పలుకకమునుపే ఆయన తల వంచుకొని వెళ్లిపోయెను. వాక్యము తగులవలసినవానికి తగిలినదని నేను లోలోపల తృప్తిపడితిని.

ఆరాధన ముగిసిన తరువాత ఆ వృద్ధురాలు మెల్లగా నా యొద్దకు వచ్చి ఇట్లు అడిగెను: "అయ్యగారండీ, తమరు చదివినదాంట్లో పదో వంతు ఇచ్చినాయన్ని దేవుడు మెచ్చుకోలేదు గదండీ. మళ్లీ చెప్పేటప్పుడు ఆయన్నే మెచ్చుకున్నారేంటండీ?"

నాకు జవాబు తోచలేదు. ఆమె మరల అనెను: "దూరంగా నిలబడ్డాయన ఇంటికి హాయిగా ఎల్లాడని చదివారండి. మన గుళ్లో దూరంగా నిలబడ్డాయన కళ్లు తుడుచుకుంటా ఎల్లాడండి."

ప్రియులారా, నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు ఆయన యింటికి వెళ్లితిని. తలుపు తాళము వేసియున్నది. కుమార్తెకు జబ్బు చేసి చాల నెలలైనదనియు, దాళ్వా ధాన్యమంతయు వైద్యమునకే అమ్మివేసెననియు, ఆమెను మరల పట్టణములోని ఆస్పత్రిలో చేర్చిరనియు పొరుగువారు చెప్పిరి. ఆమె కాపరినైన నాకే ఆ సంగతి తెలియదు. బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లితిని. నన్ను చూడగానే ఆయన బల్ల మీదనుండి లేచి, చేతులు కట్టుకొని, "ఆ ధాన్యం మాట మర్చిపోలేదండి అయ్యగారూ, వచ్చే పంటకి తప్పకుండా ఇత్తానండి" అనెను. క్షమాపణ అడుగవలెనని వెళ్లినవాడను నేను; నాకంటె ముందుగా ఆయనే అడిగెను. ఆ దినము సుంకరి ఎవరో పరిసయ్యుడెవరో నాకు ఏ వ్యాఖ్యాన గ్రంథమును చెప్పనక్కరలేకపోయెను.

కానుక ఇచ్చుట తప్పని నేను చెప్పుటలేదు. సంఘము కానుకల వలననే నడచును. మలాకీ ప్రవక్త మాటయు దేవుని వాక్యమే. అయితే దేవుడు ఆ దినమున మా ముందర పెట్టిన భోజనమును ప్రక్కకు నెట్టి, ఆ వాక్యమును నేను కర్రవలె చేత పట్టుకొంటిని. తప్పు అక్కడనున్నది.

నేను దాటిపోయినది ఏమి?

ఆ రాత్రి ఆ వారపు పాఠములన్నిటిని మరల తెరచితిని. మేము అనుసరించునది 1992లో వెలువడి అనేక దేశములలోని సంఘములు వాడుకొనుచున్న మూడేండ్ల పట్టిక. ఒక యేడు మత్తయి, ఒక యేడు మార్కు, ఒక యేడు లూకా సువార్త ముఖ్యముగా చదువబడును. యోహాను సువార్త ఆ మూడేండ్లలోను పంచబడియుండును. పాత నిబంధన పాఠములకు అందులో రెండు వరుసలుండగా, మేము తీసికొన్న వరుస చొప్పున ఆ వారము వచ్చినవి యోవేలు 2:23-32, 65వ కీర్తన, 2 తిమోతి 4:6-8, 16-18, లూకా 18:9-14.

చూడుడి. యోవేలు తొలకరి వాననుగూర్చియు కడవరి వాననుగూర్చియు చెప్పుచున్నాడు. ధాన్యముతో నిండు కళ్లములనుగూర్చియు, మిడుతలు తినివేసిన సంవత్సరముల పంటను దేవుడు మరల ఇచ్చుటనుగూర్చియు చెప్పుచున్నాడు. కళ్లములోనిది ఇంటిలో నిలువకమునుపే పోగొట్టుకొన్న రైతుకు ఇంతకంటె ఏ మాట కావలెను? 65వ కీర్తన మన అపరాధములను దేవుడే తీసివేయునని మొదట చెప్పి, ఆ వెంటనే దుక్కిచాళ్లను తడుపు దేవుని స్తుతించుచున్నది. అపొస్తలుడైన పౌలు, తాను విచారణకు నిలిచినప్పుడు ఎవడును తన ప్రక్కన నిలువలేదనియు, ఆ నేరము వారిమీద మోపబడకుండుగాక అనియు వ్రాయుచున్నాడు. ఆస్పత్రి బల్ల మీద ఒంటరిగా కూర్చున్న మనుష్యుని ప్రక్కన నిలువనిది ఎవరు? నేనును నా సంఘమును గదా.

నాలుగు పాఠములలోను ఆ కుటుంబమునకు మాట ఉన్నది, నాకును ఉన్నది. ఎన్నో యేండ్ల క్రిందట ఎక్కడనో కూర్చుండి పట్టిక కూర్చినవారికి మా ఊరి సంగతి తెలియదు. దేవునికి తెలియును. నేను ఏరుకొనినయెడల నా కోపమునకు తగినది ఏరుకొందును. నిజముగా అదే చేసితిని. ఏర్పరచబడిన పాఠము కాపరి కోపమునకును అతని ముచ్చటలకును కళ్లెము వేయును.

ఇది క్రొత్త పద్ధతి కాదు

మన ప్రభువు నజరేతు సమాజమందిరములో నిలువబడి యెషయా గ్రంథము చదివి, గ్రంథము చుట్టి ఇచ్చివేసి, చదివినదానినిగూర్చియే మాటలాడెను (లూకా 4:16-21). పిసిదియలోని అంతియొకయలో ధర్మశాస్త్రమును ప్రవక్తల లేఖనములును చదువబడిన తరువాతనే పౌలును మాటలాడుమని అడిగిరి (అపొ. కార్యములు 13:15). రెండవ శతాబ్దపు నడిమి కాలమున రోమాలోనున్న జస్టిను అను హతసాక్షి, ఆదివారపు కూటములో అపొస్తలుల జ్ఞాపకములను గాని ప్రవక్తల వ్రాతలను గాని చదివిన తరువాత అధ్యక్షుడు వాటినిబట్టి బోధించునని వ్రాసియున్నాడు. చదువుట ముందు, చెప్పుట తరువాత. ఈ వరుస మన పితరులది.

ఆరు దినముల సిద్ధపాటు

ఆ దినమునుండి నా పద్ధతి మార్చుకొంటిని. ఇది కాపరులకు మాత్రమే కాదు. కాపరి లేని ఊళ్లలో ఆరాధన జరిగించు ఉపదేశులకును, సండే స్కూలు ఉపాధ్యాయులకును, ఇంట కుటుంబ ప్రార్థన చేయు తలిదండ్రులకును పనికివచ్చును.

సోమవారము తెల్లవారుజామున రాబోవు ఆదివారపు పాఠములను పైకి చదువుదును. వ్యాఖ్యానము తెరువను. మన సంఘములలో అనేకులు వాక్యమును చెవితోనే ఎరుగుదురు గనుక నేనును చెవితోనే మొదలుపెట్టవలెను. ఆ వృద్ధురాలు పుస్తకము చూడలేదు, విన్నది. విన్నది గనుకనే నేను చూడనిదానిని ఆమె చూచినది.

తరువాత పాఠమునకు ముందున్నదియు వెనుకనున్నదియు చదువుదును. పట్టిక భాగములను కత్తిరించి ఇచ్చును. గ్రంథములో అవి అతుకబడియున్నవి. లూకా 18లో ఈ ఉపమానమునకు ముందు న్యాయాధిపతిని విడువక వేడుకొనిన విధవరాలున్నది. తరువాత శిష్యులు అడ్డగించిన చిన్నబిడ్డలున్నారు. విధవరాలు, సుంకరి, చంటిబిడ్డలు: ముగ్గురి చేతులును ఖాళీవే. ఖాళీ చేతులతో వచ్చినవారిని దేవుడు త్రోసివేయడని లూకా వరుసగా చూపుచున్నాడు. తొమ్మిదవ వచనము ఈ కథ ఎవరికి చెప్పబడినదో కూడ చెప్పుచున్నది: తామే నీతిమంతులమనుకొని యితరులను చిన్నచూపు చూచువారికి. ఆ వచనము చదువునప్పుడు ఎవరి ముఖము మన మనస్సునకు వచ్చునో పరీక్షించుకొనవలెను. ఇతరుల ముఖము వచ్చినయెడల, మనము ఇంకను సిద్ధపడలేదన్నమాట. నా ముఖము కనబడువరకు నేను కలము పట్టను.

బుధ, గురువారములలో ఆ పాఠములను మనస్సులో పెట్టుకొని ఇండ్లకు వెళ్లుదును. రోగులను, ఆరాధనకు రానివారిని చూచి వత్తును. ఈ మాట ఈ యింటివారికి ఎట్లు వినబడును అని అడుగుకొందును. ఇల్లు చూడక చేసిన ప్రసంగము చీకటిలో విసరిన రాయి. ఎవరికి తగులునో విసరినవానికే తెలియదు.

శుక్రవారము వ్యాఖ్యాన గ్రంథములు చూచి, చెప్పవలసిన ఒక్క సంగతిని ఒక్క వాక్యములో వ్రాసికొందును. ఒక్క వాక్యములో ఇమడని ప్రసంగము గంటసేపు చెప్పినను ఇమడదు. అప్పుడే పాటలును, ఒప్పుకోలు ప్రార్థనయు, విజ్ఞాపనలును ఆ సంగతికి తగినట్లు ఏర్పరచుదును. ప్రసంగము ఒక త్రోవను, పాటలు వేరొక త్రోవను పోయినయెడల సంఘము నడుమ నిలిచిపోవును. శనివారము సాయంకాలము పాఠము చదువబోవువారిని పిలిచి రెండు మారులు పైకి చదివించుదును. తడబడి చదివిన పాఠము సగము వినని పాఠమే.

పాఠము మరల వచ్చినది

మూడేండ్లు తిరిగి, 2025 అక్టోబరు 26న అవే పాఠములు మరల వచ్చెను. ఆ వారమంతయు నాకు భయముగానే ఉండెను. ఆ రైతు చాల నెలలు గుడికి రాకయుండి, 2023 శ్రమకాలములో ఒక ఆదివారము వచ్చి, మరల గుమ్మము యొద్దనే నిలువబడెను. ఇప్పటికిని అక్కడనే నిలువబడును. నేను ఆయనను ముందుకు రమ్మని బలవంతము చేయలేదు. ఆయన సెలవు తీసికొని ఆ ఆదివారము నా తప్పిదమును సంఘమునెదుట ఒప్పుకొంటిని. ఆయన పేరు చెప్పలేదు, ఇక్కడను వ్రాయను. ఆ దినమున ఎవరెవరు ఎంత కానుక ఇచ్చిరో పైకి చదువవద్దని పెద్దలతో చెప్పగా వారు ఒప్పుకొనిరి. యోవేలు పాఠము స్వస్థత పొందిన ఆయన కుమార్తె చదివెను. ఆ వృద్ధురాలు వెలుపలికి వచ్చుచు, "ఈయాళ చదివిందీ చెప్పిందీ ఒకటేనండి" అనెను. నాకు అంతకంటె గొప్ప మెప్పు అక్కరలేదు.

నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రము చదివెను. లేవీయులు దాని అర్థము తెలియజెప్పిరి. జనులు విని ఏడ్చిరి. అంతట వారిని ఏడ్వవద్దని ఓదార్చి, భుజించుటకు పంపి, ఏమియు సిద్ధపరచుకొననివారికి భాగములు పంపుమని చెప్పిరి. చదువుట, అర్థము చెప్పుట, లేనివానికి భాగము పంపుట. ఆదివారపు ఆరాధన ఈ మూడవదానియొద్దకు చేరినదా లేదా అని కాపరియు సంఘమును ప్రతి వారము అడుగుకొనవలెను.

సంఘస్థులారా, మీకును ఒక మనవి. రాబోవు ఆదివారపు పాఠములను శనివారము రాత్రి మీ యిండ్లలో చదువుకొని రండి. చదువురాని పెద్దలకు పిల్లలచేత చదివించుడి. మీ కాపరి పాఠమును విడిచి ప్రక్కకు పోయినయెడల ఆ వృద్ధురాలివలె ప్రేమతో అడుగుడి. అది కాపరికి అవమానము కాదు, మేలు.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, నీ వాక్యమును ఇతరులమీదికి ఎత్తకమునుపు మా హృదయములోనికి దింపుము. చదువు మా పెదవులను, విను మా చెవులను శుద్ధిచేయుము. గుమ్మము యొద్ద దూరముగా నిలిచినవారు నీతిమంతులుగా తీర్చబడి ఇంటికి వెళ్లునట్లు మా ఆరాధనలను దీవించుమని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.